గురక పెడితే గాఢ నిద్రేనా? మధ్యలో ఊపిరి ఆగుతోందేమో చూడండి.. బీపీ, షుగర్ సర్వేల్లో ఎవరూ అడగని జబ్బు ఇది!

"ఆయనకేం.. మంచం ఎక్కగానే గురక. అదృష్టవంతుడు." మన ఇళ్లలో తరచూ వినిపించే మాటే ఇది. గురక అంటే మనకు నవ్వు. కుంభకర్ణుడి పేరు పెట్టి ఆటపట్టించడం. పెళ్లిళ్లలో విడిది గదుల దగ్గర జోకులు. కానీ అందులో కొన్ని గురకలు నవ్వుకునేవి కావు. పెద్దగా గురక వస్తూ వస్తూ ఒక్కసారిగా ఆగిపోయి, కాసేపు నిశ్శబ్దంగా ఉండి, తర్వాత ఉలిక్కిపడి గాలి లాక్కున్నట్టు మళ్లీ మొదలైతే.. ఆ నిశ్శబ్దమే అసలు జబ్బు. దాని పేరు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు దగ్గర గాలి దారి మూసుకుపోయి ఊపిరి ఆగడం.

ఇప్పుడు దీని గురించి ఎందుకు మాట్లాడుకోవాలి? కారణాలు మూడు. ఒకటి, మన దేశంలో దీనితో బాధపడేవాళ్లు కోట్లలో ఉన్నారని పరిశోధనలు చెబుతున్నాయి. రెండు, దీనికి తొలిసారిగా ఒక మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. మూడు, మన దగ్గర ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూస్తున్నా గురక గురించి మాత్రం ఎవరూ అడగడం లేదు.

బప్పీ లహిరి మరణంతో వార్తల్లోకి..

2022 ఫిబ్రవరి 15 రాత్రి ముంబైలో సంగీత దర్శకుడు బప్పీ లహిరి కన్నుమూశారు. వయసు 69. మన తెలుగు వాళ్లకు ఆయన 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో బాగా తెలుసు. ఆయనకు చాలా ఆరోగ్య సమస్యలు ఉన్నాయని, మరణానికి కారణం మాత్రం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అని ఆస్పత్రి డాక్టర్ చెప్పారు. "గురకతో కూడా చనిపోతారా?" అని ఆ వారమంతా జనం ఆశ్చర్యపోయారు. తర్వాత మర్చిపోయారు.

సమాధానం సూటిగా చెప్పాలంటే.. ఈ జబ్బు ఒక్క రాత్రిలో మనిషిని తీసుకుపోవడం అరుదు. ఏళ్ల తరబడి గుండె, బీపీ, షుగర్‌ల మీద భారం పెంచుతూ పోతుంది. లేదంటే పగలు స్టీరింగ్ ముందు కునుకు రూపంలో వస్తుంది. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. చనిపోయిన కారణం దగ్గర గుండెపోటు అనో, రోడ్డు ప్రమాదం అనో రాస్తారు. గురక పేరు ఎక్కడా కనిపించదు.

లోపల ఏం జరుగుతుంది?

దివిసీమ, బందరు, గుడివాడ వైపు రొయ్యలు, చేపల చెరువులు చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చెరువులో నీళ్లు పగలంతా బాగానే ఉంటాయి. రాత్రయ్యే కొద్దీ ఆక్సిజన్ తగ్గి, తెల్లవారుజామున బాగా పడిపోతుంది. అందుకే ఏరియేటర్లు వేసి కాపలా కాస్తారు. పగలు చెరువు చూసి రాత్రి పరిస్థితి చెప్పలేం. మనిషి విషయంలోనూ అంతే. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు బిగుతుగా ఉండి గాలి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రపట్టగానే అవి వదులవుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. దారి సన్నబడితే గురక. పూర్తిగా మూసుకుపోతే ఊపిరి ఆగడం.

ఆగినప్పుడు రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ప్రమాదాన్ని పసిగట్టి ఒక క్షణం నిద్ర చెడగొట్టి కండరాలను బిగిస్తుంది. గాలి లోపలికి వెళుతుంది. మళ్లీ నిద్ర. మళ్లీ ఆగడం. మనిషికి ఇదేమీ గుర్తుండదు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశలో కండరాలు మరీ వదులవుతాయి. చాలామందికి ఆ దశలోనే సమస్య ముదురుతుంది. ఆ దశ తెల్లవారుజామున ఎక్కువసేపు ఉంటుంది.

కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగారని, ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి 'ఆముక్తమాల్యద' రాయమన్నారని ఆ కావ్యమే చెబుతుంది. కల కోసం గుర్తుండిపోయిన ఊరు అది. ఇప్పుడు అదే డెల్టాలో ఎంతమందికి కల వచ్చేంత నిద్ర తెగకుండా సాగుతోంది అన్నది ఎవరూ లెక్కపెట్టని విషయం.

లెక్క ఎలా వేస్తారు?

గాలి పూర్తిగా ఆగడం కనీసం 10 సెకన్లు ఉంటే దాన్ని ఒక ఆప్నియా అంటారు. బాగా తగ్గడాన్నీ కలిపి లెక్కేస్తారు. గంటకు ఎన్నిసార్లు అన్నదే కొలత. డాక్టర్లు దీన్ని ఏహెచ్‌ఐ అంటారు.

- 5 కంటే తక్కువ: పెద్దవాళ్లలో మామూలే
- 5 నుంచి 15: తక్కువ స్థాయి
- 15 నుంచి 30: మధ్యస్థం
- 30 దాటితే: తీవ్రం

గంటకు 30 సార్లు అంటే ఏడు గంటల నిద్రలో 210 సార్లు. ఒక రాత్రిలో 210 సార్లు ఎవరో భుజం పట్టి కుదిపి లేపితే పొద్దున్న ఎలా ఉంటుంది? ఈ జబ్బు ఉన్నవాళ్లకు రోజూ అలాగే ఉంటుంది. "ఎనిమిది గంటలు పడుకున్నా తలంతా బరువుగా ఉందిరా" అనేది అందుకే.

దేశంలో ఎంతమందికి ఉంది? ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2023లో ఒక అంచనా ఇచ్చారు. పెద్దవాళ్లలో సుమారు 11 శాతం. మగవాళ్లలో 13, ఆడవాళ్లలో 5. మొత్తం దాదాపు 10.4 కోట్ల మంది. అందులో 4.7 కోట్ల మందికి మధ్యస్థం లేదా తీవ్రం. ప్రపంచం మొత్తం మీద 30 నుంచి 69 ఏళ్ల వయసువాళ్లలో 93 కోట్ల మందికి పైగా దీనితో ఉన్నారని 2019లో వచ్చిన లాన్సెట్ అంచనా.

ఈ లక్షణాలను వేరే జబ్బు అనుకుంటున్నాం

రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారా? షుగర్ అనుకుంటాం. ప్రొస్టేట్ అనుకుంటాం. అవి కావచ్చు కూడా. కానీ ఊపిరి ఆగిన ప్రతిసారీ ఛాతీలో ఒత్తిడి మారి గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, నీటిని బయటకు పంపించే హార్మోన్‌ను వదులుతుంది. గురకకు చికిత్స చేస్తే ఈ లేవడం తగ్గినవాళ్లు చాలామంది ఉన్నారు.

పొద్దున్నే తలనొప్పా? గ్యాస్ అంటాం. పగలు కునుకా? వయసు అంటాం. చిరాకా? "ఆయన స్వభావమే అంత" అంటాం. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగడం లేదా? మాత్ర మార్చమంటాం. నిజానికి మందులకు లొంగని బీపీ ఉన్నవాళ్లలో ముందుగా అనుమానించాల్సిన కారణాల్లో ఇదొకటి.

ఆడవాళ్ల విషయంలో ఇంకా అన్యాయం జరుగుతోంది. వాళ్లలో గురక పెద్దగా వినిపించకపోవచ్చు. నిద్ర పట్టకపోవడం, నీరసం, తలనొప్పి, దిగులు.. ఇలా బయటపడుతుంది. దాంతో రక్తం తక్కువనో, టెన్షన్ అనో చెప్పి పంపేస్తారు. నెలసరి ఆగిపోయాక ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. మగాళ్లు గురక పెడితే భార్య ఫిర్యాదు చేస్తుంది. ఆడవాళ్లు గురక పెడుతున్నామని చెప్పుకోవడానికే సిగ్గుపడతారు.

పిల్లల్లో అయితే టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ వాచి దారి మూసుకుంటుంది. నోరు తెరిచి పడుకోవడం, పక్క తడపడం, బడిలో కుదురుగా కూర్చోలేకపోవడం, చదువులో వెనకబడటం.. ఇవన్నీ సంకేతాలే. కొట్టి కుదురు నేర్పే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి ఒకసారి చూపించాలి.

ఇంకో అపోహ.. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందని. బరువు పెద్ద కారణమే. కానీ దవడ చిన్నగా, వెనక్కి ఉన్నవాళ్లకు, మెడ పొట్టిగా ఉన్నవాళ్లకు సన్నగా ఉన్నా రావచ్చు. థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లలోనూ కనిపిస్తుంది.

ఎనిమిది ప్రశ్నలు.. ఇప్పుడే మీ ఇంట్లో అడగండి

కెనడాలో టొరంటో వైద్యులు తయారుచేసిన స్టాప్-బ్యాంగ్ అనే ప్రశ్నల పట్టికను ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. తెలుగులో ఇలా ఉంటుంది:

1. తలుపు వేసినా బయటకు వినిపించేంత గురక వస్తుందా?
2. పగలు తరచూ అలసటగా, నిద్రమత్తుగా ఉంటుందా?
3. నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
4. బీపీ ఉందా, లేదా బీపీకి మందులు వాడుతున్నారా?
5. బీఎంఐ 35 దాటిందా? అంటే 165 సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 95 కిలోల పైన
6. వయసు 50 దాటిందా?
7. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? టైలర్ టేపుతో కొలవచ్చు
8. మగవారా?

ప్రతి 'అవును'కు ఒక మార్కు. 0 నుంచి 2 అయితే అవకాశం తక్కువ. 3, 4 అయితే డాక్టర్‌ని కలవాలి. 5 లేదా ఆపైన అయితే ఆలస్యం చేయొద్దు. ఇది పరీక్ష కాదు, పరీక్షకు దారి మాత్రమే. మార్కు తక్కువ వచ్చినా ఊపిరి ఆగడం కళ్లారా చూసి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

చేతిలో ఫోన్ ఎలాగూ ఉంది. ఇంట్లోవాళ్ల గురకను రెండు మూడు నిమిషాలు వీడియో తీయండి. ముఖం, ఛాతీ కనిపించేలా తీయండి. ఛాతీ కదులుతున్నా గాలి శబ్దం లేకపోతే అది డాక్టర్‌కు ఎంతో పనికొచ్చే సమాచారం. గ్రూపుల్లో పెట్టి నవ్వుకోవడానికి మాత్రం కాదు.

కొవిడ్ టైంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ పగలు వేలికి పెట్టి "98 ఉంది, నాకేం లేదు" అనుకోవద్దు. మెలకువలో అందరికీ అలాగే చూపిస్తుంది. స్మార్ట్‌వాచ్‌లు ఇచ్చే హెచ్చరిక కూడా అనుమానం వరకే. నిర్ధారణ కాదు.

పరీక్ష దగ్గరే అసలు చిక్కు

నిర్ధారణకు స్లీప్ స్టడీ చేయాలి. ఇందులో రెండు రకాలు. ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకోబెట్టి మెదడు, గుండె, శ్వాస, ఆక్సిజన్ అన్నీ నమోదు చేసేది ఒకటి. చిన్న పరికరం ఇంటికి ఇచ్చి, ముక్కుకు గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి సెన్సర్‌తో చేసేది ఇంకొకటి. అనుమానం బలంగా ఉండి, వేరే పెద్ద జబ్బులు లేనివాళ్లకు ఇంటి పరీక్ష సరిపోతుంది. ఇంటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా లక్షణాలు తగ్గకపోతే ల్యాబ్ పరీక్ష చేయించాలి.

పూర్తి స్థాయి ల్యాబ్‌లు ఎక్కువగా విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉంటాయి. నాగాయలంక నుంచో, కోడూరు నుంచో ఒక కూలీ మనిషి గురక కోసం బస్సెక్కి నగరానికి వచ్చి, ఒక రాత్రి ఉండి, వేలల్లో ఖర్చు పెట్టి, మర్నాడు పని మానుకుంటాడా? మానుకోడు. కడుపునొప్పికి వెళ్తాడు. జ్వరానికి వెళ్తాడు. నొప్పి లేని జబ్బుకు ఎవరు వెళ్తారు?

ఇక్కడే ప్రభుత్వం చేయగలిగింది ఉంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు. క్యాన్సర్ లక్షణాలు అడుగుతున్నారు. అదే ఫారంలో మూడు ప్రశ్నలు కలిపితే చాలు. గురక ఉందా? ఊపిరి ఆగడం చూశారా? పగలు కునుకు వస్తుందా? దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త ఉద్యోగీ అక్కర్లేదు. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇంటికి ఇచ్చి పంపే పరికరాలు కొన్ని అక్కడి ఊపిరితిత్తుల విభాగం నుంచి ఏరియా ఆస్పత్రులకు తిప్పగలిగితే, డెల్టాలో చాలామందికి పరీక్ష బస్సు టికెట్ దూరంలోకి వస్తుంది.

ఈలోగా చేయాల్సింది.. ముందు దగ్గర్లోని ఊపిరితిత్తుల డాక్టర్‌నో, ఈఎన్‌టీ డాక్టర్‌నో కలవండి. ఇంటి పరీక్ష దొరుకుతుందా అని ఫోన్‌లో అడిగి బయల్దేరండి.

స్టీరింగ్ వెనక కునుకు

ఈ జబ్బు ఉన్నవాళ్లు చికిత్స లేకుండా బండి నడిపితే ప్రమాదం జరిగే అవకాశం మిగతావాళ్ల కంటే రెండు రెట్లకు పైగా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మన ప్రాంతంలో ఈ మాట బరువు వేరు. బందరు నుంచి విజయవాడ మీదుగా హైదరాబాద్ వైపు 65వ నంబరు జాతీయ రహదారి. కోస్తా వెంట కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా 216. చేపలు, రొయ్యల లోడు అంటే టైంకి చేరాల్సిందే. ఐస్ కరిగేలోపు వెళ్లాలి. డ్రైవర్ నిద్ర ఆ లెక్కలో ఉండదు.

రాత్రిళ్లు పోలీసులు లారీలు ఆపి డ్రైవర్లతో ముఖం కడిగిస్తుంటారు. మంచి పనే. కానీ ముఖం కడిగితే పోయే నిద్ర వేరు. రాత్రికి రెండొందల సార్లు తెగిన నిద్ర వేరు. రెండోది టీతో, నీళ్లతో పోదు.

లైసెన్స్ కోసం ఇచ్చే ఆరోగ్య ప్రకటనలో మూర్ఛ గురించి, స్పృహ తప్పడం గురించి అడుగుతారు. గురక గురించి అడగరు. బ్రిటన్‌లో ఈ జబ్బుతో పగటి నిద్ర ఎక్కువగా ఉంటే లైసెన్స్ విభాగానికి చెప్పాలి, అదుపులోకి వచ్చేదాకా బండి నడపకూడదు. అదుపులోకి వచ్చాక మళ్లీ నడపొచ్చు. ఆ చివరి ముక్కే ముఖ్యం. మన దగ్గర డ్రైవర్ నోరు విప్పకపోవడానికి కారణం భయం. "చెప్తే డ్యూటీ పోతుంది" అన్న భయం. చెప్తే డ్యూటీ పోదు, వైద్యం వస్తుంది అన్న నమ్మకం కలిగిస్తేనే బయటపడతారు.

ఇది మొదలుపెట్టడానికి ఆర్టీసీ సరైన చోటు. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులు. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ డిపోల డ్రైవర్లకు ఎలాగూ ఆరోగ్య పరీక్షలు చేస్తారు. వాటికి ఆ ఎనిమిది ప్రశ్నలు కలిపి, అనుమానం ఉన్నవాళ్లకు పరీక్ష చేయించి, మెషీన్ ఇస్తే బస్సులో వెనక కూర్చున్నవాళ్లందరికీ అది రక్షణే.

చికిత్స ఉంది.. మంచి చికిత్సే ఉంది

మధ్యస్థం, తీవ్రం స్థాయిలో ఉన్నవాళ్లకు మొదటి చికిత్స సీప్యాప్ మెషీన్. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ 1980లో దీన్ని తయారుచేశారు. 1981లో లాన్సెట్‌లో ప్రచురించారు. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూస్తుంది. చాలామంది దీన్ని ఆక్సిజన్ పెట్టడం అనుకుంటారు. కాదు. మామూలు గాలే. "ఆక్సిజన్ దాకా వచ్చిందా పరిస్థితి" అని ఇంట్లో ఏడుపులు అక్కర్లేదు.

మెషీన్ ధర పదుల వేలల్లో ఉంటుంది. సీజీహెచ్‌ఎస్ పరిధిలోని కేంద్ర ఉద్యోగులకు ముందస్తు అనుమతితో, పరిమితికి లోబడి ఖర్చు తిరిగి వస్తుంది. మిగతావాళ్లు తమ ఇన్సూరెన్స్‌లో ఉందో లేదో కొనకముందే అడగాలి.

మన జిల్లాలో ప్రత్యేకంగా ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికాలో ఉన్న అబ్బాయో, అల్లుడో వాడిన మెషీన్ తెచ్చి ఇవ్వడం మామూలే. అలా నేరుగా వాడొద్దు. ఒత్తిడి ఎంత పెట్టాలన్నది మీ పరీక్షను బట్టి డాక్టర్ నిర్ణయించాలి. పైగా 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లోపలి ఫోమ్ పాడై రేణువులు గాలిలో కలిసే ప్రమాదం ఉందని లక్షల మెషీన్లను వెనక్కి పిలిచింది. పాత మెషీన్ ఆ జాబితాలో ఉందేమో సీరియల్ నంబర్‌తో చూసుకోవాలి.

మొదటి వారం మాస్కు ఇబ్బందిగానే ఉంటుంది. ముక్కు ఆరిపోతుంది, గాలి లీకవుతుంది. చాలామంది అక్కడే అటక మీద పడేస్తారు. మాస్కు సైజు మార్చుకుంటే, తేమ ఇచ్చే భాగం వాడితే చాలావరకు సర్దుకుంటుంది. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోవచ్చు. మన కోస్తా ఉక్కపోతలో గొట్టం, మాస్కు రోజూ కడిగి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. కరెంటు పోయే ఊళ్లలో ఇన్వర్టర్ మీద పనిచేస్తుందో లేదో కొనేటప్పుడే అడగండి.

ఇక ఒక నిజం దాచకూడదు. సీప్యాప్‌తో పగటి నిద్ర తగ్గుతుంది, బీపీ కొంత దిగుతుంది. కానీ గుండెపోటును ఆపుతుందని గట్టిగా రుజువు కాలేదు. 2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో అలాంటి తేడా కనిపించలేదు. అందులో పాల్గొన్నవాళ్లు రాత్రికి సగటున 3.3 గంటలే వాడారు. కాబట్టి మెషీన్ పెట్టుకున్నామని బీపీ మాత్ర మానొద్దు. పెట్టుకుంటే నిద్ర మొత్తం పెట్టుకోవాలి.

మిగతా దారులు:

- తక్కువ, మధ్యస్థం స్థాయిలో ఉన్నవాళ్లకు దవడను కాస్త ముందుకు ఉంచే పరికరాన్ని డెంటిస్టులు చేసి ఇస్తారు
- వెల్లకిలా పడుకుంటేనే సమస్య వచ్చేవాళ్లకు పక్కకు తిరిగి పడుకోవడం పనిచేస్తుంది
- బరువు 10 శాతం తగ్గితే ఏహెచ్‌ఐ దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది
- రాత్రి మందు మానాలి. మద్యం, నిద్ర మాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి
- పిల్లలకు చాలావరకు టాన్సిల్స్, అడినాయిడ్స్ ఆపరేషన్‌తో నయమవుతుంది. పెద్దవాళ్లకు ఆపరేషన్ కొందరికే

కొత్తగా వచ్చిన మందు టిర్జెపటైడ్. బరువు తగ్గించే ఇంజెక్షన్. ఊబకాయంతో పాటు మధ్యస్థం లేదా తీవ్రమైన ఆప్నియా ఉన్న పెద్దవాళ్లకు వాడొచ్చని 2024 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో పేరుతో షుగర్, ఊబకాయం కోసం మార్కెట్లోకి వచ్చింది. ఖరీదు ఎక్కువ. డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి. సన్నగా ఉండి గురక పెట్టేవాళ్లకు ఇది కాదు.

రీల్స్ చూసి ఇవి చేయొద్దు

నోటికి టేప్ వేసుకుని పడుకోవడం ఇప్పుడు ట్రెండ్. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకు, ఆప్నియా ఉన్నవాళ్లకు ఇది ప్రమాదకరం. గురక ఆపే ఉంగరాలు, ముక్కుకు పెట్టే అయస్కాంతాలు వంద రూపాయలకే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒకవేళ శబ్దం తగ్గినా లోపల ఊపిరి ఆగడం తగ్గిందని కాదు. అలారం తీగ కోసేసి మంట ఆరిందనుకున్నట్టే.

ఏ ఆపరేషన్‌కైనా వెళ్లేముందు మత్తు డాక్టర్‌కు మీ గురక సంగతి, మెషీన్ వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. మత్తు మందులు, నొప్పి మందులు ఈ సమస్యను పెంచుతాయి.

ముందు చూడాల్సింది పక్కన పడుకున్నవాళ్లే

ఈ జబ్బు ఉన్న మనిషికి తన జబ్బు తెలియదు. అతను నిద్రలో ఉంటాడు కాబట్టి. పక్కనున్న భార్యో, భర్తో, హాస్టల్ రూమ్మేటో, చెరువు గట్టు మీద తోటి కాపలా మనిషో చూడాలి. గురక భరించలేక వేరే గదిలోకి వెళ్లి పడుకోవడం మన ఇళ్లలో పాత పరిష్కారం. దాంతో ఊపిరి ఆగడం చూసే ఒక్క సాక్షి కూడా వెళ్లిపోతున్నారు. కాబట్టి ఈ రాత్రి గది మారే ముందు రెండు నిమిషాలు ఆగి వినండి. గురక మధ్యలో నిశ్శబ్దం వస్తే మనసులో అంకెలు లెక్కపెట్టండి. పది దాటితే.. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన పని ఉన్నట్టే.